గల్లీకి రాని స్వయంపాలన

హైదరాబాద్‌లో ఏ బస్తీకైనా పోయి చూడండి. నెల కింద వేసిన సీసీ రోడ్డును నల్లా పైపు కోసం తవ్వుతుంటారు. పైపు వేసినవాళ్లు గుంత సరిగ్గా పూడ్చకుండానే పోతారు. ఇంకో నెలకు డ్రైనేజీ వాళ్లొచ్చి అక్కడే మళ్లీ తవ్వుతారు. ఆ తర్వాత కేబుల్ వాళ్ల వంతు. వాన పడితే గుంత నిండా మోరీ నీళ్లు. గడప ముందు నిలబడ్డ ముసలవ్వ ఒకటే మాట అడుగుతుంది: "ఎవర్ని అడిగి తవ్విండ్రు బిడ్డా?"

ఆ మాటకు జవాబు చెప్పేవాడు లేడు. మేస్త్రీని అడిగితే కాంట్రాక్టర్‌ను చూపిస్తాడు. కాంట్రాక్టర్ ఇంజనీరును చూపిస్తాడు. ఇంజనీరు జలమండలిని చూపిస్తాడు. జలమండలి బల్దియాను, బల్దియా సర్కారును చూపిస్తాయి. సర్కారు ఎవరిని చూపిస్తుంది? కన్సల్టెంట్లు తయారు చేసిన రంగు రంగుల బొమ్మలను చూపిస్తుంది. ఆ బొమ్మల్లో చెట్లుంటాయి, ఫౌంటెన్లుంటాయి. ముసలవ్వ మాత్రం ఉండదు.

"ఎవర్ని అడిగి?" ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. తెలంగాణ ఉద్యమం పుట్టిందే ఈ ప్రశ్నతోటి. 1956లో ఎవర్ని అడిగి కలిపారు? ముల్కీ నిబంధనలను ఎవర్ని అడిగి తుంగలో తొక్కారు? 1985లో ఇచ్చిన 610 జీవోను ఎవర్ని అడిగి అటకెక్కించారు? 1969లో పిల్లలు తుపాకి గుండ్లకు ఎదురు నిలబడ్డది ఈ ప్రశ్న కోసమే. అరవై ఏండ్ల కొట్లాట తర్వాత 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సెక్రటేరియట్‌లో కూర్చునేవాళ్లు మారారు. జెండాలు, బోర్డులు మారాయి. ముసలవ్వ ప్రశ్న మాత్రం గల్లీలో ఎక్కడిదక్కడే నిలబడి ఉంది.

స్వయంపాలన అంటే ఒక రాజధాని నుంచి ఇంకో రాజధానికి ఫైళ్లు మారడం కాదు. మనకు సంబంధించిన నిర్ణయం మన చేతిలో ఉండడం. రాష్ట్రానికి వర్తించిన ఈ నీతి బస్తీకి ఎందుకు వర్తించదు? ఈ ప్రశ్నను మన పాలకులే కాదు, మన ఉద్యమకారులు కూడా దాటవేస్తూ వచ్చారు. ఇంక దాటవేయడానికి లేదు.

నీళ్లు, నిధులు, నియామకాలు: గల్లీ లెక్క

మన నినాదాన్నే తీసుకుందాం. నీళ్లు, నిధులు, నియామకాలు. కృష్ణా, గోదావరి దగ్గర అడిగిన లెక్కను ఇప్పుడు గల్లీ దగ్గర అడుగుదాం.

నీళ్లు. హైదరాబాద్‌లో నీళ్లు, మురుగు చూసేది 1989లో పెట్టిన జలమండలి. అది బల్దియా కింద లేదు. నగరానికి ప్లాను గీసేది 1975లో హుడా, 2008 నుంచి హెచ్ఎండీఏ. అదీ బల్దియా కింద లేదు. చెరువులు, నాలాల కబ్జాలు కూల్చడానికి 2024 జూలైలో హైడ్రా వచ్చింది. అదీ సర్కారు చేతిలోనే పుట్టింది. కరెంటు వేరు, మెట్రో వేరు, మూసీ వేరు. ఇన్ని సంస్థల్లో ఒక్కదానికి కూడా బస్తీకి వచ్చి లెక్క చెప్పే బాధ్యత లేదు. గల్లీ జనం ఓటేసి గెలిపించిన కార్పొరేటర్‌కే వీటి మీద అధికారం లేదంటే, గల్లీ జనానికి ఎక్కడిది?

నిధులు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి అమ్ముడుపోయింది. పత్రికలన్నీ పండుగ చేసుకున్నాయి. భూమి తెలంగాణది. అమ్మింది సర్కారు. ఆ పైసల్లో పక్కనున్న పాత ఊరి మోరీకి ఎంత, బడికి ఎంత, దవాఖానకు ఎంత అని ఆ ఊరోళ్లను ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పారా? ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ భూములు అమ్మి ఆ పైసలు ఎక్కడ ఖర్చు పెట్టారో లెక్క చెప్పాలని మనం నిలదీశాం. ఆ నిలదీత న్యాయమైతే, నేడు ఊరోళ్లు నిలదీయడం కూడా న్యాయమే.

నియామకాలు. తెల్లవారుజామున గల్లీ ఊడ్చే అక్కకు పర్మినెంటు కొలువు లేదు, జీతం ఏజెన్సీ చేతిలో. ఆమె ఎన్ని రోజులు వచ్చిందో గల్లీవాళ్లకు తెలుసు. హాజరు పుస్తకం మాత్రం వాళ్ల కంటికి కనపడదు. గల్లీలో పని చేసేవాళ్ల పని తీరు మీద గల్లీ మాటకు విలువ లేదు. ఆ కార్మికురాలి తరఫున మాట్లాడే హక్కూ గల్లీకి లేదు.

రాజ్యాంగంలో పడ్డ గంటు

ఇదంతా ఒక్క అధికారి తప్పు కాదు. చట్టంలోనే గంటు పడ్డది. 1992లో పార్లమెంటు రెండు సవరణలు చేసింది. 73వది పల్లెలకు, 74వది పట్టణాలకు. 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. ఊర్లో ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. పట్టణాల సవరణలో అటువంటి సభ లేదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు వేయాలని 243ఎస్ అధికరణం చెప్పింది. కాని ఆ కమిటీలో ఎవరుండాలో, ఎట్లా వేయాలో రాష్ట్రానికే వదిలేసింది. రెండు మూడు వార్డులు కలిపి ఒకే కమిటీ వేసినా అభ్యంతరం లేదన్నది. 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 విషయాలు రాసి పెట్టింది. వాటిని అప్పగించాలా వద్దా అన్నది మళ్లీ రాష్ట్రం దయ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదు.

లెక్క చూడండి. 2018లో మన రాష్ట్రం 500 జనాభా ఉన్న తండాలను కూడా గ్రామ పంచాయతీలు చేసింది. మంచి పని. లంబాడీ బిడ్డలు దశాబ్దాల పాటు కొట్లాడి సాధించుకున్న 'మా తండాలో మా రాజ్యం' అది. ఇప్పుడు నగరం చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షల పైచిలుకు. డివిజన్లు 150. అంటే ఒక్కో డివిజన్‌కు సగటున 45 వేల మంది. అంతమందికీ ఒక్క కార్పొరేటర్. 500 మంది తండాకు సర్పంచ్ ఉన్నాడు, గ్రామసభ ఉన్నది. 45 వేల మంది నగర జనానికి అందరూ కూర్చుని మాట్లాడే సభ లేదు. ఊరు నుంచి పట్నం వచ్చిన మనిషి బస్ దిగంగనే సగం పౌరుడైపోతున్నాడు.

ఆ ఒక్క కార్పొరేటరయినా ఎప్పుడూ ఉన్నాడా? 1986లో ఎన్నికైన హైదరాబాద్ పాలకమండలి గడువు అయిదేండ్లకు ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. పదేండ్లకు పైగా నగరాన్ని అధికారులే ఏలారు. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ చేశారు. ఎన్నికలు 2009 నవంబర్‌లో. అప్పటి దాకా ప్రత్యేకాధికారి పాలన. ఇదంతా వలస పాలకుల పాపం అనుకున్నాం. మరి రాష్ట్రం వచ్చిన తర్వాత? 2014 చివర గ్రేటర్ గడువు తీరితే ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. 2020 జనవరిలో ఎన్నికైన మన మున్సిపాలిటీల గడువు 2025 జనవరిలో తీరింది. ఆ ఏడాదంతా ప్రత్యేకాధికారులే ఏలారు. గడువు తీరకముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం 243యూలో స్పష్టంగా రాసి ఉన్నది. రాజ్యాంగం మాట కూడా గల్లీ దాకా రాలేదు.

మన బస్తీలు చేసి చూపించినవి

"ఇదంతా చెప్పడానికి బాగుంటది, నగరంలో జనం కలిసి పని చేస్తారా?" అని ఆఫీసర్లు నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లకు వాళ్ల ఆఫీసు చరిత్రే తెలియదు.

1967లో హైదరాబాద్ పాతనగరంలో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. బల్దియాలో అందరూ యూసీడీ అని పిలిచేది దాన్నే. కేంద్రం దేశంలోని కొన్ని నగరాల్లో ప్రయోగంగా పెట్టిన పథకం అది. ఒక్కో ప్రాజెక్టు కింద సుమారు 50 వేల జనాభా. పద్ధతి చాలా సాదా. కార్యకర్త బస్తీకి పోతాడు. ఫైలు తీసుకుపోడు. "మీకు ముందు ఏం కావాలె?" అని అడుగుతాడు. ఒక బస్తీ బాల్వాడీ కావాలంటది. ఇంకో బస్తీ కుట్టు మిషన్ల కేంద్రం కావాలంటది. బస్తీ కమిటీ, మహిళా మండలి, యువజన సంఘం కూర్చుని ముందు వెనకలు తేల్చుకుంటాయి. జనం తమ వంతు వేసుకుంటారు, మిగతాది పథకం నుంచి వస్తది. పనిని కనిపెట్టుకుని ఉండేది కూడా బస్తీయే.

దేశంలో వేరే నగరాల్లో ఇట్లా మొదలైనవి చాలా వరకు మూతపడ్డాయి. హైదరాబాద్‌లో నిలబడింది. 1970లలో యూనిసెఫ్ తోడయింది. ఆ దశాబ్దం చివరికి పని ఇండ్ల దాకా వచ్చింది. జాగ మీద హక్కు, బ్యాంకు నుంచి అప్పు ఇప్పించే బాధ్యత యూసీడీది. ఇల్లు కట్టుకునే పని ఇంటివాళ్లది. కాంట్రాక్టర్ కట్టిచ్చిన అగ్గిపెట్టె ఇండ్లు కావవి. ఎవరి ఇల్లు వాళ్లు, తమ అవసరం చూసుకుని కట్టుకున్నవి. విలియం కజిన్స్, కేథరీన్ గోయ్డర్ ఈ అనుభవం మీద 1979లో పుస్తకమే రాశారు. రిక్షా తొక్కేవాళ్లు, హమాలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు బతికే బస్తీలు ప్రపంచానికి పాఠం చెప్పాయి. నగరం గురించి మాట్లాడే మన మేధావుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మరి ఏమైంది? 1980లలో బ్రిటన్ సర్కారు సాయంతో పెద్ద పైసలు వచ్చాయి. సీసీ రోడ్లు, మోరీలు, కరెంటు స్తంభాలు వచ్చాయి. కొన్ని మంచి పనులే జరిగాయి, కాదనం. కాని పైసలు పెరిగిన కొద్దీ టెండర్ పెరిగింది. టెండర్ పెరిగిన కొద్దీ ఇంజనీరు మాట పెరిగింది, బస్తీ మాట తగ్గింది. "మీకేం కావాలె?" అని అడిగిన విభాగం చివరికి పొదుపు సంఘాల అప్పుల కాగితాలు చూసే సెక్షన్‌గా మిగిలిపోయింది. అక్కడ పని చేసే ఉద్యోగుల తప్పు కాదిది. వాళ్ల చేతిలో నుంచి అసలు పనిని గుంజుకున్నారు.

విత్తనం మనది, పంట కేరళది

ఇంకో ముచ్చట వింటే కడుపు మండుతది. హైదరాబాద్ యూసీడీ అనుభవం దేశమంతా పెట్టిన పట్టణ ప్రాథమిక సేవల పథకాలకు ఒక పునాది అయింది. అటువంటి పథకం కిందనే కేరళలోని అలప్పుజ పట్టణంలో 1993లో పేద ఆడవాళ్ల సంఘాలు కట్టారు. ముందు ఇరుగు పొరుగు ఇండ్ల గుంపు. ఆ పైన వార్డు సంఘం. ఆ పైన పట్టణ సంఘం. అదే నమూనా పెరిగి పెరిగి 1998లో కుటుంబశ్రీ అయింది. 1996లో కేరళ ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చింది. పట్టణాల్లో కూడా వార్డు సభలు పెట్టి పనులు ఎంచుకునే పద్ధతి తెచ్చింది.

కేరళలో అంతా బాగున్నదని ఎవరూ అనడం లేదు. వార్డు సభకు వచ్చేవాళ్లు తక్కువని, పార్టీల పెత్తనం ఎక్కువని అక్కడివాళ్లే విమర్శిస్తారు. కాని అక్కడ మాట మాట్లాడడానికి ఒక సభ ఉన్నది, ఆ మాట వెనక పైసలున్నాయి. మన బస్తీల్లో పోసిన నారు అక్కడ పంటయింది. మన మడిలో మాత్రం నీళ్లు పారలేదు.

భాగస్వామ్యం పేరుతో బురిడీ

"మేమూ ప్రజలను భాగస్వాములను చేస్తున్నాం" అని ప్రతి ప్రభుత్వమూ చెప్పింది. అందుకే ఏది అసలు, ఏది నకిలీ అని గుర్తు పట్టడం నేర్చుకోవాలె.

1997లో జన్మభూమి వచ్చింది. జనాన్ని తట్ట పట్టుకోమన్నారు, వాటా పైసలు కట్టమన్నారు. నిర్ణయం ఎక్కడ జరిగింది? 1999లో వచ్చిన విజన్ 2020 పత్రం మెకిన్సే అనే కంపెనీ సాయంతో తయారైంది. చెమట జనానిది, విజన్ కంపెనీది. చెమటోడ్చడాన్ని భాగస్వామ్యం అంటే, వెట్టికి కూడా ఆ పేరే పెట్టొచ్చు.

2000లో ఢిల్లీలో భాగీదారీ పెట్టారు. కాలనీ సంక్షేమ సంఘాలను అధికారులతో కూర్చోబెట్టారు. పేరు మంచిదే. కాని మొదట ఆ గదిలోకి పిలుపు అందింది ప్లాన్డ్ కాలనీల ఇంటి యజమానులకు. జుగ్గీల జనం, కిరాయిదారులు బయటే ఉన్నారు. మన దగ్గర కూడా ఈ ప్రమాదం ఉన్నది. గేటెడ్ కమ్యూనిటీల సంఘాలు "మేమే ప్రజలం" అంటాయి. ఆ గేటు లోపల పని చేసే పనిమనిషి, వాచ్‌మన్, డ్రైవర్ ఉండేది పక్క బస్తీలో. గేటు పక్కన తోపుడు బండి తీసెయ్యాలని తీర్మానం చేసే సంఘం చేతికి నగరాన్ని ఇయ్యాలని మేం అడగడం లేదు. గల్లీలో నివసించే ప్రతి మనిషికీ ఇంటి పట్టా ఉన్నా లేకున్నా మాట ఉండాలని అడుగుతున్నం.

ఇంక కాగితం కమిటీల కథ. 2005 డిసెంబర్‌లో కేంద్రం జేఎన్ఎన్‌యూఆర్ఎం పెట్టి, ప్రజా భాగస్వామ్య చట్టం చేస్తేనే పైసలని షరతు పెట్టింది. పైసల కోసం 2008లో ఉమ్మడి రాష్ట్రం చట్టం సవరించి వార్డు కమిటీ, ఏరియా సభ అన్న మాటలు రాసింది. రాష్ట్రం వచ్చాక 2019 మున్సిపల్ చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలన్నారు: యువకులు, మహిళలు, పెద్దమనుషులు, ప్రముఖులు. 2020లో గ్రేటర్ చట్టంలోకీ వాటిని తెచ్చారు. అన్నీ నామినేషన్లే. జనం ఎన్నుకునేది ఒక్కటీ లేదు. పైసా ఖర్చు చేసే హక్కు లేదు, బిల్లు ఆపే హక్కు లేదు. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? మీ పక్కింటాయనకు తెలుసా? తెలియదంటే ఆ కమిటీ ఎవరి కోసమో ఆలోచించండి.

2023 జూన్‌లో 150 వార్డు ఆఫీసులు తెరిచారు. అధికారి గల్లీకి వచ్చాడు. అధికారం రాలేదు.

"జనానికేం తెలుసు?"

పెద్దమనుషుల దగ్గర మూడు సాకులున్నాయి.

మొదటిది, జనానికి సాంకేతిక జ్ఞానం లేదని. 2000 ఆగస్టులో ఒక్క రోజే 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగింది. 2020 అక్టోబర్‌లో మళ్లీ మునిగింది. పల్లె చెరువు తెగి అలీనగర్, గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ కొట్టుకుపోయాయి. నాలాల మీద ఇండ్లకు, శిఖం భూముల్లో లేఅవుట్లకు అనుమతులిచ్చిన సంతకాలు ఎవరివి? బస్తీ ముసలవ్వవా? వాన నీళ్లు ఏ మూల నుంచి వచ్చి ఏ మూలకు పోతాయో ఆమెకు తెలుసు. ఆమెను అడిగినోడు లేడు. ఇంజనీరు వద్దని కాదు. ఇంజనీరు బస్తీకి సలహాదారు కావాలె, యజమాని కాదు.

కరాచీలో ఒరంగీ అనే పెద్ద బస్తీ ఉన్నది. అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో అక్కడ పని మొదలుపెట్టాడు. ఇంటి మరుగుదొడ్డి, గల్లీ మోరీ జనమే తమ పైసలతో వేసుకున్నారు. పెద్ద కాలువ, మురుగు శుద్ధి సర్కారు పని అని తేల్చిచెప్పారు. గల్లీ పని గల్లీకి, నగరం పని నగరానికి. ఈ గీత గీసుకుంటే గందరగోళం లేదు. అక్కడ పైసలు కూడా జనమే పెట్టుకున్నారు, అది సర్కారు సిగ్గుపడాల్సిన సంగతి. మనం పన్ను కడుతున్నాం. అందుకే పని ఎంపిక, లెక్క అడుగుతున్నాం.

రెండో సాకు, కమిటీలను రౌడీలు, పార్టీవాళ్లు పట్టుకుంటారని. ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి? నామినేషన్ ఉన్న చోటే కబ్జా సులువు. అందరూ కూర్చున్న సభలో, లెక్క గోడ మీద రాసిన చోట కబ్జా కష్టం. 2006 నుంచి మన పల్లెల్లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. కూలీ ఆడవాళ్లు మైకు పట్టుకుని మస్టర్ రోల్ చదివించి, తినేసిన పైసలు అధికారులతో కక్కించారు. పల్లెలో కూలీ చేయగలిగింది పట్నంలో కూలీ చేయలేదా?

మూడో సాకు, ఆలస్యం అవుతుందని. ఒకే రోడ్డును మూడుసార్లు తవ్వడం కన్నా ఒకసారి కూర్చుని మాట్లాడడం ఆలస్యమా? 2024లో మూసీ ఒడ్డున ఇండ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. పొద్దున లేచి గోడ మీద గుర్తు చూసుకున్న జనం రోడ్డెక్కారు. ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడితే ఆ నది బాగుకు వాళ్లే ముందుండేవాళ్లు. మూసీ కంపు భరించింది వాళ్లే కదా! 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల దగ్గర కూడా అదే కథ. విద్యార్థులు అడ్డం పడితే, సుప్రీంకోర్టు ఆపితే గాని బుల్డోజర్ ఆగలేదు. అడగకుండా చేసే పని త్వరగా మొదలవుతది. కోర్టుల్లో పడి ఆగిపోతది.

విలీనం ఎవరి కోసం?

2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఉన్న 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపారు. 650 చదరపు కిలోమీటర్ల నగరం 2,000 దాటింది. వార్డులు 150 నుంచి 300 చేశారు. ఆ 27 పట్టణాల్లో ఎన్ని చోట్ల జనాన్ని కూర్చోబెట్టి "కలుస్తారా?" అని అడిగారు? 1956లో మనల్ని కలిపిన తీరు మీద కన్నీళ్లు పెట్టుకున్న జాతికి, అడగకుండా కలిపితే ఎట్లుంటదో ఒకరు చెప్పాల్నా?

ఈ శివారు పట్టణాల్లో చాలా వరకు కొన్నేండ్ల కింద గ్రామ పంచాయతీలే. ముందు మున్సిపాలిటీ చేసినప్పుడు గ్రామసభ పోయింది. తర్వాత గ్రేటర్‌లో కలిపినప్పుడు తమ చైర్మన్, తమ మేయర్ పోయారు. పెరిగింది భూమి ధర, దూరమైంది ఆఫీసు. నగరం ఒకటి కావాలా, మూడు కావాలా, ముప్పై కావాలా అని పైన ఎట్లయినా తేల్చుకోండి. కింద సభ లేకుంటే ఎన్ని ముక్కలు చేసినా, ఎన్ని కలిపినా జనానికి ఒరిగేది లేదు.

టెంటు మళ్లీ వేద్దాం

బస్తీ సభ అంటే కేరళ నుంచో, కరాచీ నుంచో తెచ్చుకునే వస్తువు కాదు. మనమే నడిపినం. గుర్తు చేసుకోండి. 2009 డిసెంబర్ తర్వాత గల్లీ గల్లీకీ జేఏసీ పుట్టింది. ఆటో డ్రైవర్ల జేఏసీ, లాయర్ల జేఏసీ, ఉద్యోగుల జేఏసీ, కాలనీ జేఏసీ. చౌరస్తాలో రిలే దీక్షల టెంటు. నడి రోడ్డు మీద వంటావార్పు. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె. బియ్యం ఎవరు తేవాలె, మైకు ఎవరు తేవాలె, ఏ రోజు ఎవరు కూర్చోవాలె అన్నది ఎవరు నిర్ణయించారు? ఏ కలెక్టర్ నామినేట్ చేశాడు? ఆ టెంటు కింద బీడీ కార్మికురాలు, బ్యాంకు ఉద్యోగి ఒకే చాప మీద కూర్చున్నారు. రాష్ట్రం రాంగనే టెంటు పీకేసినం. పని అయిపోయిందనుకున్నం. అదే మన పెద్ద తప్పు.

ఇప్పుడు అడగాల్సినవి ఇవి:

ఒకటి, ప్రతి పోలింగ్ బూత్ పరిధిలో ఒక బస్తీ సభ. అక్కడ ఉండే వయోజనులంతా, కిరాయిదారులతో సహా, సభ్యులే. వార్డు కమిటీలో ఈ సభలు ఎన్నుకున్నవాళ్లే ఉండాలె. సగం ఆడవాళ్లు ఉండాలె. నామినేషన్లు రద్దు కావాలె.

రెండు, బల్దియా ఆదాయంలో ఒక వాటా నేరుగా బస్తీ సభలకు. ఎక్కువ ఇంటిపన్ను కట్టే కాలనీకి ఎక్కువ అంటే జూబ్లీహిల్స్‌కు అద్దాల రోడ్డు, బస్తీకి బురద మిగులుతాయి. జనాభాను, వెనకబాటును బట్టి పంచాలె.

మూడు, సభలో లెక్క చదవకుండా, సభ సంతకం లేకుండా గల్లీ పనికి బిల్లు పాస్ చేయొద్దు. జలమండలి అయినా, కరెంటు అయినా తవ్వే ముందు సభకు చెప్పాలె.

నాలుగు, ఇండ్లు కూల్చే ముందు, బస్తీ పక్కనున్న సర్కారు భూమి అమ్మే ముందు సభను అడగాలె. ఏజెన్సీలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పింది. అడవికి ఉన్న న్యాయం అడ్డాకు ఎందుకు లేదు?

అయిదు, గడువు తీరకముందే మున్సిపల్ ఎన్నికలు. ప్రత్యేకాధికారి పాలన అన్న మాటే తెలంగాణలో వినపడొద్దు.

విద్యార్థి మిత్రులారా! మీ హాస్టల్ పక్క బస్తీకి పోండి. ఏ నాలా ఎక్కడ పూడిందో, ఏ రోడ్డు ఎన్నిసార్లు వేశారో, ఎంత బిల్లయిందో సమాచార హక్కు కింద అడిగి గోడ మీద రాయండి. ఉద్యోగ మిత్రులారా! సమ్మెలో మీ వెనక నిలబడింది ఈ బస్తీ జనమే. ఇప్పుడు ఫైలు వాళ్ల ముందు తెరవండి. జనం ముందు తెరిచిన ఫైలు నిజాయితీగల ఉద్యోగిని కూడా కాపాడుతది. ఒకనాటి జేఏసీల మిత్రులారా! ఆ టెంటు బట్ట ఎక్కడన్నా మూలకు పడి ఉంటది. దులిపి తెచ్చి మళ్లీ చౌరస్తాలో వేయండి. ఈసారి ఢిల్లీని అడగడానికి కాదు. మన గల్లీ లెక్క మనం రాసుకోవడానికి.

"ఎవర్ని అడిగి తవ్విండ్రు బిడ్డా?" అని ముసలవ్వ అడిగిన రోజు, "నిన్ను అడిగే తవ్వినం అవ్వా, నువ్వు సంతకం పెట్టినవు గద" అని ఇంజనీరు జవాబు చెప్పాలె. తెలంగాణ వచ్చిందని ఆ గల్లీ ఆ రోజు నమ్ముతది.